మారథాన్ పరుగు: శిక్షణ, సన్నాహం

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల దూరాన్ని, సాధారణంగా రహదారి మీద, ఒకే విడతలో పరుగెత్తి పూర్తిచేసే పోటీ. 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో మారథాన్ అనే ఊరి నుంచి నగరంలోని స్టేడియం దాకా దాదాపు 40 కి.మీ. సాగిన ఈ పరుగులో గ్రీసు దేశస్థుడు స్పిరిడాన్ లూయిస్ గెలుపొందాడు. తరువాతి పోటీలలో దూరం కొంత అటూ ఇటూ మారుతూ వచ్చి, చివరికి 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన దూరమే 1921లో ప్రామాణికంగా స్థిరపడింది. అందులో సగమైన 21.0975 కి.మీ. పరుగును హాఫ్ మారథాన్ అనీ, మారథాన్‌ను మించిన పరుగులను అల్ట్రా మారథాన్లు అనీ వ్యవహరిస్తారు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య 1921లో మొదలై దాదాపు 90 కి.మీ. సాగే కామ్రేడ్స్ పరుగు అల్ట్రాలలో పేరెన్నికగన్నది.

ఈ పరుగులకు సన్నద్ధమయ్యే మనిషి ఎదుర్కొనే ప్రధాన సమస్య శరీర భాగాలన్నీ ఒకే కాలంలో బలపడకపోవడం. క్రమం తప్పకుండా పరుగెత్తేవారి గుండె, రక్తప్రసరణ కొద్ది వారాల్లోనే మెరుగుపడగా, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధనాలు, పాదం, మోకాలి దిగువ ఎముకలు అదే భారానికి అలవాటుపడటానికి నెలలు పడుతుంది. రెండో నెలలో ఆయాసం తగ్గిందని దూరమూ వేగమూ ఒక్కసారిగా పెంచినవారు మూడో నెలలో కాలినొప్పితో ఆగిపోవడానికి ఇదే కారణం. దూరపు పరుగు శిక్షణలోని నియమాల్లో అధికభాగం, పైకి ఎంత వేర్వేరుగా కనిపించినా, ఈ వ్యత్యాసాన్ని గుర్తించి పుట్టినవే.

శరీరధర్మ పునాదులు

దూరపు పరుగులో రాణింపును మూడు గుణాలు నిర్ణయిస్తాయి. మొదటిది గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం, అంటే తీవ్రమైన శ్రమలో శరీరం ఒక నిమిషంలో వాడుకోగల అత్యధిక ఆక్సిజన్ పరిమాణం. ఇది కొంత పుట్టుకతో వచ్చేదే అయినా శిక్షణతో పెరుగుతుంది. రెండోది లాక్టేట్ పరిమితి. వేగం పెరిగేకొద్దీ కండరాల్లో తయారయ్యే లాక్టేట్ అనే పదార్థాన్ని శరీరం ఎప్పటికప్పుడు తిరిగి వాడుకుంటూ ఉంటుంది కాని, ఒక వేగం దాటాక ఉత్పత్తి వినియోగాన్ని మించి రక్తంలో పేరుకుపోవడం మొదలవుతుంది; ఆ వేగానికి పైన ఎవరూ ఎక్కువసేపు పరుగెత్తలేరు. మూడోది పరుగు పొదుపు, అంటే ఒకే వేగంలో పరుగెత్తడానికి ఎంత తక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుందన్న లెక్క. మొదటి గుణంలో సమానులైన ఇద్దరిలో ఒకరు మారథాన్‌ను ఎంతో ముందుగా ముగించడానికి తక్కిన రెండింటిలోని తేడాయే కారణం.

ఇంధనం విషయం మరింత కీలకమైనది. పిండిపదార్థాలు గ్లైకోజన్ రూపంలో కండరాల్లో దాదాపు 400 గ్రాములు, కాలేయంలో దాదాపు 100 గ్రాములు నిల్వ ఉంటాయి. వీటి విలువ స్థూలంగా 2,000 కిలోకేలరీలు. పరుగుకు ప్రతి కిలోమీటరుకూ, ప్రతి కిలో శరీర బరువుకూ సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది కనుక 60 కిలోల మనిషికి మారథాన్ పూర్తిచేయడానికి 2,500 కిలోకేలరీలకు పైగా కావాలి. కొరతను కొవ్వు తీర్చవలసి ఉంటుంది కాని, కొవ్వు నుంచి శక్తి వెలువడే వేగం తక్కువ. అందుకే ప్రారంభంలో తొందరపడి గ్లైకోజన్‌ను ఖర్చుచేసినవారికి 30వ కిలోమీటరు దాటాక కాళ్ళు బరువెక్కి, వేగం ఒక్కసారిగా పడిపోతుంది. రన్నర్లు దీనినే ‘వాల్’ (గోడ) తగలడం అంటారు. మెల్లని, సుదీర్ఘమైన పరుగులు కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలను, కండరానికి రక్తం అందించే కేశనాళికలను వృద్ధిచేసి, అదే వేగంలో కొవ్వును ఎక్కువగా, గ్లైకోజన్‌ను తక్కువగా వాడుకునేలా శరీరాన్ని మారుస్తాయి.

శిక్షణా పద్ధతుల పరిణామం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దూరపు పరుగు శిక్షణ అంటే నడక, కొద్దిపాటి పరుగు తప్ప పెద్దగా శాస్త్రం లేదు. 1930లలో స్వీడన్ శిక్షకుడు గోస్టా హోల్మేర్ అడవి దారుల్లో వేగాన్ని ఇష్టానుసారం పెంచుతూ తగ్గిస్తూ సాగే ‘ఫార్ట్‌లెక్’ పద్ధతిని రూపొందించాడు. దాదాపు అదే కాలంలో జర్మనీలో ఫ్రైబర్గ్‌కు చెందిన శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ రైన్‌డెల్ కలిసి ఇంటర్వెల్ శిక్షణకు శాస్త్రీయ రూపమిచ్చారు. కొద్ది దూరం వేగంగా పరుగెత్తి, నాడి నిర్ణీత స్థాయికి దిగేదాకా విశ్రమించి, మళ్ళీ పరుగెత్తడం ఈ పద్ధతి. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకండ్లలో పరుగెత్తి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 16 ఏళ్ళు నిలిచింది. చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ ఈ పద్ధతిని తన సొంత తీరులో పరాకాష్ఠకు తీసుకుపోయి, 400 మీటర్ల పరుగును ఒకే రోజున పదుల సార్లు చేసేవాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్ల పోటీలు గెలిచిన తరువాత, అంతకుముందెన్నడూ పాల్గొనని మారథాన్‌లో కూడా అతడు బంగారు పతకం సాధించాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడూ గెలిచినవారు మరెవరూ లేరు.

నేటి శిక్షణకు నిజమైన పునాది వేసినవాడు మాత్రం న్యూజిలాండ్‌కు చెందిన ఆర్థర్ లిడియార్డ్. ఏ విశ్వవిద్యాలయంతోనూ సంబంధం లేని, పాదరక్షల కర్మాగారంలో పనిచేసిన ఈ మనిషి ఏళ్ళ తరబడి తన శరీరం మీదే ప్రయోగాలు చేసి, వారానికి దాదాపు 160 కి.మీ. ఓపికగా పరుగెత్తి మొదట పునాది వేసుకోవాలనీ, ఆ తరువాతే కొండ ఎక్కే పరుగులు, ఆపైన వేగపు సాధన, చివర పోటీకి ముందు విశ్రాంతి రావాలనీ తేల్చాడు. కాలాన్ని ఇలా దశలుగా విభజించడాన్నే దశల ప్రణాళిక అంటారు. ఆక్లాండ్ సమీపంలోని వైటాకెరే కొండల్లో 35 కి.మీ. చుట్టును అతడు మారథాన్ రన్నర్ల చేతనే కాక 800 మీటర్ల రన్నర్ల చేత కూడా పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున అతని శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మరే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో బంగారు పతకాలు గెలవగా, బ్యారీ మెగీ మారథాన్‌లో కాంస్యం పొందడంతో ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. అదే మారథాన్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా పాదరక్షలు లేకుండా పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో గెలిచి ఆఫ్రికా రన్నర్ల యుగానికి నాంది పలికాడు.

సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న కెన్యాలోని ఇటెన్, కాప్టగాట్ శిబిరాలు నేడు ఈ క్రీడకు కేంద్రాలు. పలుచని గాలిలో జీవించేవారి రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ పెరగడం అక్కడి సానుకూలతల్లో ఒకటి. అయితే బృందంగా చేసే సాధన, ఏళ్ళ తరబడి పేరుకున్న పరుగు పరిమాణం అంతకు తక్కువైనవేమీ కావు. ఎలియుడ్ కిప్‌చోగె 2019లో వియన్నాలో ప్రత్యేకంగా ఏర్పాటుచేసిన, రికార్డుగా గుర్తింపు లేని పరుగును 1 గంట 59 నిమిషాల 40 సెకండ్లలో ముగించాడు. కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగో పోటీలో 2 గంటల 35 సెకండ్లతో అధికారిక రికార్డు నెలకొల్పాడు. భారతదేశంలో శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ముగించిన పరుగు నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డుగా నిలవడం, అతని ప్రతిభకు ఎంత సాక్ష్యమో ఆ తరువాత దేశంలో దూరపు పరుగు శిక్షణ ఎంత నిర్లక్ష్యానికి గురైందో చెప్పడానికీ అంతే సాక్ష్యం. మహిళలకు ఒలింపిక్ మారథాన్ 1984లో గాని ప్రవేశపెట్టలేదు. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ తొలి పోటీలో అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ గెలిచింది.

వారపు ప్రణాళిక

వారానికి మూడు నాలుగు రోజులు, ఒక్కొక్కసారి ఐదారు కిలోమీటర్లు సునాయాసంగా పరుగెత్తగలిగినవారికి మారథాన్ సన్నాహం సాధారణంగా 16 నుంచి 20 వారాలు పడుతుంది. అసలు పరుగే అలవాటు లేనివారు ఆ స్థాయికి చేరడానికే ఆరు నెలలు కేటాయించి, 10 కి.మీ., హాఫ్ మారథాన్ పోటీలను మెట్లుగా చేసుకోవడం క్షేమకరం.

ప్రణాళికలో అధికభాగాన్ని తేలిక పరుగులు ఆక్రమిస్తాయి. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే తేలిక పరుగుకు గుర్తు. నార్వేలో పనిచేస్తున్న క్రీడాశాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ పరుగు, స్కీయింగ్, పడవ పోటీల అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను పరిశీలించి, వారి అభ్యాసాల్లో దాదాపు 80 శాతం తక్కువ తీవ్రతతోనే సాగుతున్నాయని చూపాడు. సాధారణ రన్నర్లు దీనికి విరుద్ధంగా, నెమ్మదిగా పోవలసిన రోజున వేగంగా పోయి, వేగంగా పోవలసిన రోజున అలసిపోయి, అన్ని రోజులూ ఒకే నడిమి వేగంలో గడుపుతారు. తెలుగు రాష్ట్రాల పల్లెల్లో పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల కోసం వేకువనే రోడ్లెక్కే యువకుల్లో ఈ అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది. 1600 మీటర్ల పరీక్షకు రోజూ పరీక్ష వేగంతోనే పరుగెత్తే వీరిలో ఎందరో సరైన మార్గదర్శనం లేక కాళ్ళు పాడుచేసుకుంటున్నారు. దూరపు పరుగులకు ఉత్తమ రన్నర్లు వీరి నుంచే రావలసి ఉన్నందున ఈ నష్టం మరింత బాధాకరం.

వారంలో ఒకసారి, సాధారణంగా ఆదివారం చేసే దీర్ఘ పరుగును రన్నర్లు ‘లాంగ్ రన్’ అంటారు. 14, 15 కిలోమీటర్లతో మొదలై, మూడు నాలుగు వారాలకొకసారి కొంత తగ్గుతూ, చివరికి ఇది 30, 32 కి.మీ. దాకా చేరుతుంది. పూర్తి దూరాన్ని సాధనలోనే పరుగెత్తి చూడాలన్న కోరిక సహజమే కాని, దానివల్ల కలిగే కండర నష్టం తరువాతి వారాల సాధనను మింగేస్తుంది. నెమ్మదిగా పరుగెత్తేవారు దూరంతో నిమిత్తం లేకుండా మూడు, మూడున్నర గంటల వద్ద ఆపడం మేలు. లాక్టేట్ పరిమితికి సమీపంలో 20 నుంచి 40 నిమిషాలు నిలకడగా సాగే టెంపో రన్, మూడు నుంచి ఐదు నిమిషాల వేగపు పరుగులను విశ్రాంతితో మార్చిమార్చి చేసే ఇంటర్వెల్ సాధన వారంలో ఒకటి, మహా అయితే రెండు రోజులకు పరిమితం కావాలి. గుంజిళ్ళు, ఒంటికాలి వ్యాయామాలు, పిక్కలకు, నడుముకు బలమిచ్చే బరువుల సాధన వారానికి రెండుసార్లు చేస్తే పరుగు పొదుపు మెరుగవుతుంది.

వారపు దూరాన్ని పది శాతానికి మించి పెంచరాదన్న సూత్రం ప్రసిద్ధమైనదే గాని, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త రన్నర్లపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ సూత్రం ప్రకారం మెల్లగా పెంచినవారికీ తక్కినవారికీ గాయాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శరీరానికి శాతాలు తెలియవు. ఉదయం లేవగానే మడమలో, పిక్కలో తగిలే నొప్పి, తగ్గని అలసట, కలత నిద్ర, విశ్రాంతిలోనూ హెచ్చుగా ఉండే నాడి చెప్పే సంగతిని వినడం అంకెల కంటే నమ్మదగిన మార్గం.

ఎండ, ఉక్క, నీరు

ఐరోపా, అమెరికాల్లో తయారైన శిక్షణా పట్టికలను దక్కన్‌కు, కోస్తాకు యథాతథంగా దింపుకోవడంలోని లోపమంతా వాతావరణంలోనే ఉంది. పరుగులో కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట ఆవిరి కావడమే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుందే గాని ఆవిరి కాదు, శరీరం చల్లబడదు. ఈ కారణంగా విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు వంటి చోట్ల వేకువజామున, ఉష్ణమాపకం మితమైన అంకె చూపుతున్నా, పరుగు అనుకున్నదానికంటే భారమవుతుంది. వేడి ఎంతటి మేటి రన్నర్లనైనా లొంగదీస్తుందనడానికి ఇటీవలి చరిత్రే చాలు. 2007 షికాగో మారథాన్‌ను ఎండ కారణంగా మధ్యలోనే నిలిపివేశారు. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టినా 68 మందిలో 28 మంది పూర్తిచేయలేకపోయారు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌నైతే ఏకంగా 800 కి.మీ. ఉత్తరాన ఉన్న సపోరోకు తరలించారు.

వేడికి శరీరం అలవాటుపడగలదు. 10 నుంచి 14 రోజులు వెచ్చని వాతావరణంలో మితంగా సాధన చేసినవారిలో రక్తంలోని ద్రవభాగం పెరిగి, చెమట ముందుగా, ఎక్కువగా పట్టి, అందులో లవణాల నష్టం తగ్గుతుంది. సాధన ఆపితే ఈ లాభం కొద్ది వారాల్లో పోతుంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారి దీర్ఘ పరుగులు ఏప్రిల్, మే నెలల మండుటెండల్లో మొదలై వానాకాలపు ఉక్కలో ముగుస్తాయి. ఆ నగరపు ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు దీనికి తోడవుతాయి. ఇక్కడ గడియారపు వేగాన్ని పట్టుకుని వేలాడకుండా, శ్రమ తీవ్రతను బట్టి కిలోమీటరుకు అర నిమిషమో, అంతకెక్కువో తగ్గించుకోవడం బలహీనత కాదని శిక్షకులు నేర్పవలసి ఉంది.

నీటి విషయంలో లోటు, అతి రెండూ ప్రమాదకరమే. చెమటతో పోయినదానికి మించి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం, తీవ్రమైన సందర్భాల్లో మూర్ఛ, మరణం సంభవిస్తాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గినట్టు తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో, అంటే అవసరానికి మించి తాగినవారిలో, ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. దాహాన్ని బట్టి తాగడం, గంటకు మించిన పరుగుల్లో ఉప్పు కలిపిన ద్రవాలు తీసుకోవడం, పరుగుకు ముందూ తరువాతా బరువు చూసుకుని తన చెమట తీరును తెలుసుకోవడం సరళమైన జాగ్రత్తలు. పరుగు తరువాత ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఖరీదైన పానీయాలకు ఏ మాత్రం తీసిపోదు.

ఆహారం

1960లలో స్వీడన్ శాస్త్రవేత్తలు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ సూదితో కండరపు ముక్క తీసి పరీక్షించే పద్ధతి ద్వారా, పిండిపదార్థాలు అధికంగా తిన్నవారి కండరాల్లో గ్లైకోజన్ నిల్వ పెరిగి, వారు ఎక్కువసేపు శ్రమించగలుగుతారని నిరూపించారు. పోటీకి ముందు ఒకటిన్నర, రెండు రోజులు కిలో బరువుకు రోజుకు 10 గ్రాముల వరకు పిండిపదార్థాలు తినాలన్న సూచన ఆ పరిశోధన ఫలితమే. 60 కిలోల మనిషికి ఇది 600 గ్రాములవుతుంది. ఒక్క అన్నంతోనే సాధించాలంటే రోజుకు ముప్పావు కిలో బియ్యం వండుకోవలసి వస్తుంది కనుక, ఇడ్లీ, అరటిపండు, ఖర్జూరం, బెల్లం, పళ్ళరసాలకు పంచుకుని, ఆ రెండు రోజులూ పీచు, నూనె, కారం తగ్గించడం ఆచరణసాధ్యం. పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అందితే గ్లైకోజన్ నిలుస్తుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసిన మిశ్రమాలతో అలవాటుపడినవారు 90 గ్రాముల దాకా తీసుకోగలరు. పేగులకూ అభ్యాసం కావాలి కాబట్టి దీర్ఘ పరుగుల్లో పరీక్షించని ఏ పదార్థాన్నీ పోటీ రోజున ముట్టరాదు.

ఇనుము లోపం ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హీమోగ్లోబిన్ తక్కువైన మహిళకు ఏ శిక్షణా పట్టికా పనిచేయదు. పరుగు మొదలుపెట్టేముందు రక్తపరీక్ష చేయించుకోవడం బూట్లు కొనడం కంటే ముఖ్యం. ఖర్చుచేసే శక్తికి తగినంత తినకపోవడం వల్ల రుతుక్రమం ఆగడం, ఎముకలు పలచబడడం వంటి పరిణామాలు కలుగుతాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో హెచ్చరించింది. ఈ శక్తి లోటు పురుషుల్లోనూ ఏర్పడుతుంది.

గాయాలు, వైద్య పరీక్షలు

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మోకాలి బయటివైపు నొప్పి, ముంగాలి ఎముక వెంట నొప్పి, మడమ వెనుక స్నాయువు వాపు, అరికాలి పొర మంట దూరపు రన్నర్లలో తరచుగా కనిపించేవి. ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే తీవ్రమైన నొప్పి కలిగి, అది పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే సన్నని పగులు ఏర్పడిందని అనుమానించి వైద్యుణ్ణి కలవాలి. నొప్పి మాత్రలు మింగి పరుగెత్తడం మూత్రపిండాలకు ముప్పు తెస్తుంది. బూట్ల విషయానికి వస్తే, 2017 నుంచి ప్రచారంలోకి వచ్చిన, అడుగున కార్బన్ పలక ఉండే బూట్లు పరుగు పొదుపును పెంచడం నిజమే గాని, కొత్తవారికి కాలికి హాయిగా అమరిన సాధారణ బూట్లే చాలు.

అమెరికాలో 2000 నుంచి 2010 వరకు జరిగిన మారథాన్లు, హాఫ్ మారథాన్లలో దాదాపు 1,84,000 మందికి ఒకరు చొప్పున గుండె ఆగిన ఘటనలు నమోదయ్యాయి. ముప్పు అరుదే అయినా, దక్షిణాసియా వాసుల్లో గుండె ధమనుల జబ్బు చిన్న వయసులోనే వస్తున్నందున, నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు, పొగతాగే అలవాటు, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు శిక్షణకు ముందే పరీక్షలు చేయించుకోవాలి.

పోటీ, ఆ తరువాత

పోటీకి ముందు రెండు వారాలు వేగపు సాధనను పూర్తిగా మానకుండా దూరాన్ని మాత్రం 40 నుంచి 60 శాతం తగ్గిస్తారు. ‘టేపర్’ అని పిలిచే ఈ కాలంలో చేసిన సాధన వల్ల కొత్త సామర్థ్యం రాదు. పాత అలసట తీరుతుంది. పరుగు మొదటి పది కిలోమీటర్లు అనుకున్నదానికంటే కొద్దిగా నెమ్మదిగా సాగి, రెండో సగం మొదటిదానికి సమానంగానో, కొంచెం వేగంగానో ముగియడం ఉత్తమమైన తీరు. దారిలో ఎవరైనా అయోమయంగా మాట్లాడుతూ తూలిపడితే అది ఉష్ణాఘాతం కావచ్చు. ఆసుపత్రికి తరలించే ముందే అక్కడికక్కడ చన్నీటి తొట్టిలో ముంచి చల్లబరచడం ప్రాణం నిలుపుతుంది. నిర్వాహకులు పతకాలు, చొక్కాల కంటే ముందు ఈ ఏర్పాటు చేసుకోవాలి. పూర్తిచేసిన తరువాత కండరాలు కోలుకోవడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది కనుక, తొలి మారథాన్ ముగించినవారు మరో పోటీ ఆలోచన చేసేముందు కనీసం ఒక నెల నడకకూ తేలిక పరుగులకూ పరిమితం కావాలి.